కొత్త వంటగది చూసి బొంత కుట్టాలనిపిస్తే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: వంటగది కొత్తగా చేయించుకున్నారు. ఇటుకల్లా పేర్చిన తెల్ల టైల్స్, ముదురు ఆకుపచ్చ అల్మారాలు, బూడిద రంగు గట్టు. అందులోకి వెళ్లినప్పుడల్లా ఏదైనా కుట్టాలని చేతులు ఊరుకోవడం లేదు. మామూలు కుట్టు మిషన్ ఉంది, చదరాలు అతికి చిన్న బొంతలు కుట్టిన అనుభవమూ ఉంది. కానీ ఫోన్‌లో వందల డిజైన్లు దాచుకున్నాక ఏదీ తేల్చుకోలేకపోతున్నారు, ఇంటి పనిలో టైం చిక్కడం లేదు, పాత వంటగదికి కట్టిన నూలు కర్టెన్లు పారేయడానికి మనసొప్పడం లేదు.

చాలా ఏళ్లుగా బొంతలు కుడుతున్నాను, నేర్పుతున్నాను కూడా. ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడల్లా నేను ముందు చెప్పేది ఒక్కటే. గదిలోంచి రంగులు తెచ్చుకోవడం కన్నా ఆ రంగుల పాళ్లు తెచ్చుకోవడం ముఖ్యం. ఏది ఎంత ఉంది, ఏది ముదురు, ఏది లేత, ఏ ఆకారం మళ్లీ మళ్లీ వస్తోంది అన్నవి పట్టుకుంటే చాలు, డిజైన్ సగం తేలిపోతుంది.

వంటగది గుమ్మంలో నిలబడి ఒక ఫోటో తీయండి. గట్టు మీద సామాను సర్దకండి, రోజూ ఎలా ఉంటుందో అలాగే ఉండనివ్వండి. ఆ ఫోటో మొత్తం పది పాళ్లనుకుంటే తెలుపు ఎన్ని పాళ్లు, ఆకుపచ్చ ఎన్ని, బూడిద ఎంత? మీరు చెప్పినదాన్ని బట్టి తెలుపు ఐదారు, ఆకుపచ్చ మూడు, బూడిద ఒకటి ఉండొచ్చు. ఎక్కడో మూలన ఒక ఎర్ర డబ్బానో, పసుపు చేతిగుడ్డో ఉంటుంది. దానికి పావు పాలు కూడా రాదు, అయినా కన్ను ముందు అక్కడికే పోతుంది. గది మీకు అంతగా నచ్చడానికి ఈ లెక్కే కారణం. చాలామంది ఇది చూసుకోకుండా గదిలో కనబడ్డ నాలుగు రంగుల్నీ తలా ఒక మీటరు కొనేస్తారు. మీటరు కొన్నాం కదా అని అంతా వాడేస్తారు. కుట్టడం అయ్యాక చూస్తే రంగులన్నీ అవే, కానీ ఆ గది జాడ మాత్రం ఉండదు. ఎరుపు పావు పాలు ఉన్నప్పుడు పలికినట్టు రెండున్నర పాళ్లు ఉన్నప్పుడు పలకదు.

అదే ఫోటోని ఇప్పుడు ఫోన్‌లోనే నలుపు తెలుపుకి మార్చి చూడండి. ఈ పని అసలు మానకండి. ఆకుపచ్చ అల్మారా, దాని పక్కన ఎర్ర డబ్బా మీ కంటికి ఆమడ దూరంలో ఉన్న రంగుల్లా అనిపిస్తాయి. నలుపు తెలుపులో తరచుగా రెండూ ఒకే బూడిద అయిపోతాయి. అంటే వాటి ముదురుతనం ఒకటే. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి నక్షత్రం కుడితే దగ్గర నుంచి బాగుంటుంది, నాలుగడుగులు వెనక్కి వేస్తే నక్షత్రం కనిపించదు. బొంతలో ఆకారాన్ని దూరం నుంచి చూపించేది ముదురు లేతల తేడాయే. కొత్త గుడ్డలు కొనే ముందు కూడా దుకాణంలో వాటిని వరసగా పరిచి ఇలాగే ఫోటో తీసుకోండి. ఎవరైనా వింతగా చూస్తే చూడనివ్వండి.

రంగు పక్క రంగుని బట్టి మారిపోతుందన్నది మన భ్రమ మాత్రమే కాదు. పారిస్‌లో గోబ్లాఁ అనే పేరున్న, గోడకి వేలాడదీసే బొమ్మల నేత గుడ్డల (టాపెస్ట్రీ) కార్ఖానాలో అద్దకం విభాగాన్ని చూసుకున్న మిషెల్ యూజీన్ షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్తకి ఒక ఫిర్యాదు వచ్చింది. నల్ల దారం నిక్కంగా నల్లగా లేదు, వెలిసినట్టు ఉందని. అద్దకంలో లోపం ఏమీ కనబడలేదు. ఆ నల్ల దారం పక్కన నేసిన నీలం, ఊదా రంగులే దాన్ని అలా చూపిస్తున్నాయని ఆయన తేల్చి, ఆ పరిశీలనలన్నీ 1839లో అచ్చు వేయించారు. మీకు ఇందులో పనికొచ్చేది ఏమిటంటే, గుడ్డ ముక్కని విడిగా చేతిలో పట్టుకుని నిర్ణయించకూడదు. మీ ఆకుపచ్చ పక్కన పెట్టిన తెలుపు కొంచెం గులాబీ ఛాయకి తిరిగినట్టు అనిపించొచ్చు. పక్కన పెట్టి, గోడకి పిన్ను చేసి, ఒకసారి పగటి వెలుగులో, ఒకసారి రాత్రి లైటు కింద చూడండి. కొత్త వంటగదుల్లో అల్మారా కింద వేసే లైట్ల వెలుగులో గుడ్డ రంగు బాగా మారుతుంది, అది చూసుకోకుండా గుడ్డ కత్తిరించకండి.

ఒక మాట. టైల్‌కి, అల్మారాకి అచ్చంగా కలిసే రంగే కావాలని ఊరంతా తిరగకండి. అన్నీ సరిగ్గా కలిసిపోతే వంటగది హోటల్ గదిలా తయారవుతుంది. అల్మారా ఆకుపచ్చకి ఒక మెట్టు ముదురు, ఒక మెట్టు లేత, ఇంకొకటి కొంచెం నీలం వైపు వాలింది, ఇలా మూడు నాలుగు ఆకుపచ్చలు కలిపి వాడితే దూరం నుంచి అవన్నీ కలిసి మీ అల్మారా రంగుగానే కనిపిస్తాయి. పైగా ఒక గుడ్డ చాలకపోయినా టెన్షన్ ఉండదు.

ఇక డిజైన్. మీ గోడ మీదే ఉంది కదా. ఇటుక వరస అనేది బొంతల్లో చాలా పాత అమరిక, కొత్తగా కుట్టేవాళ్లకి చాలా అనువైనది కూడా, ఎందుకంటే పై వరస అతుకు, కింది వరస అతుకు ఒకే చోట కలవాల్సిన అవసరం లేదు. గట్టు మీదో, బల్ల మీదో పరిచే రన్నర్‌తో మొదలుపెట్టండి. మొదటే మంచం బొంత జోలికి పోవద్దు.

ఇటుక కుట్టాక 3 అంగుళాల ఎత్తు, 6 అంగుళాల పొడవు ఉండాలనుకుందాం. నాలుగు వైపులా పావు అంగుళం కుట్టులోకి పోతుంది కాబట్టి మూడున్నర, ఆరున్నర అంగుళాల ముక్కలు కత్తిరించాలి. అడ్డంగా ఎనిమిది ఇటుకలు వేస్తే 48 అంగుళాలు, అలాంటి వరసలు ఐదు వేస్తే 15 అంగుళాల వెడల్పు. ఒకటి, మూడు, ఐదో వరసల్లో ఎనిమిదేసి నిండు ఇటుకలు. రెండు, నాలుగో వరసల్లో ఏడేసి నిండు ఇటుకలు, రెండు చివర్లా ఒక్కో సగం ఇటుక. సగం ఇటుక కుట్టాక 3 అంగుళాల చదరం అవుతుంది, అంటే మూడున్నర అంగుళాల చదరంగా కత్తిరించాలి. మొత్తం 38 నిండు ముక్కలు, 4 సగాలు. ఇందులో పైన చెప్పిన పాళ్లు పెట్టండి: ఇరవై పైచిలుకు తెలుపులు, పది పన్నెండు ఆకుపచ్చలు, నాలుగు బూడిదలు, ఒకే ఒక్క ఎరుపు. తెలుపుల్లో కూడా పాలతెలుపు, మీగడ తెలుపు, సన్న గీతలున్న తెలుపు కలపండి. టైల్స్ మీద వెలుగు పడినప్పుడు అన్నీ ఒకే తెలుపుగా ఉండవు, గమనించారా? ఎరుపుని నట్టనడుమ పెట్టకండి. ఏదో ఒక వరసలో చివరికి జరిపి పెట్టి చూడండి, మొత్తం కదిలినట్టు ఉంటుంది.

ఇక్కడ పావు అంగుళం దగ్గర జాగ్రత్త. కుట్టు అంగుళంలో పదహారో వంతు ఎక్కువ లోపలికి పడిందనుకోండి. అది రెండు ముక్కల్నీ తింటుంది కాబట్టి ఒక్కో అతుకు దగ్గర అంగుళంలో ఎనిమిదో వంతు పోతుంది. ఎనిమిది ఇటుకల వరసలో ఏడు అతుకులు, అంటే ఎనిమిదింట ఏడు వంతుల అంగుళం తగ్గుతుంది. సగం ఇటుకలున్న వరసలో ముక్కలు తొమ్మిది, అతుకులు ఎనిమిది, సరిగ్గా అంగుళం తగ్గుతుంది. రెండు వరసలూ పొట్టివే, పైగా ఒకదానితో ఒకటి కలవవు. అప్పుడు లాగి కలిపి కుడతారు, రన్నర్ అలలు అలలుగా లేస్తుంది. కాబట్టి పనికిరాని గుడ్డలో మూడు ముక్కలు ఒకటిన్నర అంగుళం వెడల్పున కత్తిరించి, పక్కపక్కన కుట్టి, ఇస్త్రీ చేసి మధ్య ముక్కని కొలవండి. అది సరిగ్గా ఒక అంగుళం ఉండాలి. లేకపోతే మిషన్ మీద సూది పక్కన టేపు ముక్క జరుపుకుంటూ మళ్లీ చూడండి. ఇస్త్రీ అంటే పెట్టెని అటూ ఇటూ తోయడం కాదు, పైకెత్తి ఒత్తడం. తోస్తే గుడ్డ సాగుతుంది, ముఖ్యంగా ఏటవాలుగా కత్తిరించిన ముక్కలు.

టైల్స్ మధ్య కనబడే గ్రౌట్ గీత మీకు నచ్చితే దాన్నీ తేవచ్చు, ప్రతి ఇటుక మధ్యా సన్న బూడిద పట్టీ పెట్టి. చూడ్డానికి చాలా బాగుంటుంది గానీ పని రెట్టింపు అవుతుంది, కొలతలూ మారతాయి. మొదటిసారికి వద్దంటాను. బదులుగా ఇటుకలన్నీ అతికి, కింద చెప్పినట్టు మూడు పొరలూ పరిచాక, అతుకుల పక్కనే బూడిద దారంతో క్విల్టింగ్ కుట్టు, అంటే పొరలన్నిటినీ కలిపి పట్టే కుట్టు వేయండి. గ్రౌట్ గీత వచ్చేసినట్టే.

పైపొర అయ్యాక లోపల పలచని నూలు బ్యాటింగ్, అంటే పైపొరకీ అడుగు గుడ్డకీ మధ్య పరిచే మెత్తని దూది పొర పెట్టండి, దొరక్కపోతే ఒక పొర ఫ్లానెల్ అయినా చాలు. అడుగు గుడ్డ, బ్యాటింగ్ రెండూ పైపొర కన్నా నలువైపులా రెండు అంగుళాలు పెద్దవి ఉండాలి, క్విల్టింగ్ చేసేటప్పుడు పైపొర జరుగుతుంది. అంచుకి రెండున్నర అంగుళాల పట్టీని నిలువునా సగానికి మడిచి వేస్తే రెండు పొరల బైండింగ్ వస్తుంది. చుట్టుకొలత 126 అంగుళాలు, మూలలకీ అతుకులకీ ఇంకో పది కలుపుకోండి. గుడ్డ అడ్డంలో కత్తిరించిన పట్టీలు నాలుగు సరిపోతాయి. గుడ్డల్ని ముందే ఉతికి ఆరేసుకోండి. ముదురు రంగు దిగుతుందేమోనని అనుమానం ఉంటే తడి తెల్ల గుడ్డతో రుద్ది చూడండి. వెనిగర్, ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని చెబుతుంటారు, కొన్న నూలు గుడ్డల విషయంలో దాన్ని నమ్ముకోవద్దు.

వంటగదిలో ఇటుకలే కాదు. తలుపులు తెరిచిన అల్మారా అరల గీతలు, ఆరబెట్టిన పళ్లేల వరస, కిటికీ నీడ గట్టు మీద పడే ఏటవాలు ఇవన్నీ బొంత అమరికలే. త్రిభుజాలు కావాలంటే 4 అంగుళాల చదరాలు రెండు, ఒకటి లేత ఒకటి ముదురు, ఒకదాని మీద ఒకటి పెట్టి మూలకి మూల గీత గీయండి. గీతకి రెండు పక్కలా పావు అంగుళంలో కుట్టి గీత మీద కత్తిరిస్తే రెండు చదరాలు వస్తాయి, ఒక్కోదాంట్లో ఒక లేత త్రిభుజం, ఒక ముదురు త్రిభుజం. మూడున్నర అంగుళాలకి చెక్కుకుంటే చాలు, అవి మీ సగం ఇటుకల చోట కూడా సరిగ్గా కూర్చుంటాయి. లాగ్ క్యాబిన్ అనే పాత బ్లాక్ (బొంతలో మళ్లీ మళ్లీ వచ్చే చదరపు నమూనా) ఉంది, మధ్యలో చిన్న చదరం, దాని చుట్టూ పట్టీలు, సగం లేత, సగం ముదురు. మధ్యలో ఎర్ర చదరం పెట్టడం ఆనవాయితీ, అది ఇంట్లో పొయ్యికి గుర్తని చెప్పుకుంటారు. వంటగది బొంతకి అంతకన్నా ఏం కావాలి!

ఫోన్‌లో దాచుకున్న ఆ వందల డిజైన్ల సంగతి. అవి చూస్తుంటే ఉత్సాహం వస్తుంది, అయినా చేతికి పని రాదు, ఎందుకంటే ప్రతి బొమ్మా ఇంకొకరి గుడ్డలతో, ఇంకొకరి వెలుగులో తేలిన జవాబు. ఏ హద్దూ లేకపోవడమే మీ ఇబ్బంది. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే చోట నల్లజాతి ఆడవాళ్లు తరతరాలుగా పాత పని బట్టలతో, డెనిమ్ ముక్కలతో బొంతలు కుట్టారు. చలికి కప్పుకోవడానికి కుట్టినవే. 1970ల్లో వాళ్లకి కార్డ్యురాయ్ అనే గీతల నూగు గుడ్డతో దిండు గలీబులు కుట్టే కాంట్రాక్టు వచ్చింది. మిగిలిన కార్డ్యురాయ్ ముక్కలు ఇళ్లకి చేరాయి, దాంతో ఆ బొంతల్లో కొత్త రంగులు, కొత్త మెరుపు వచ్చాయి. 2002లో ఆ బొంతల్ని హ్యూస్టన్‌లోని లలిత కళల మ్యూజియంలో ప్రదర్శించారు, 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు వేసింది. చేతిలో ఉన్న గుడ్డే వాళ్ల డిజైన్‌ని చాలావరకు తేల్చింది. మీరూ ఒక హద్దు పెట్టుకోండి: ఈ వంటగది ఫోటో, ఇంట్లో ఉన్న గుడ్డలు, కొత్తగా కొనేది ఒక్కటే. ఫోన్‌లోని బొమ్మల్లో మూడు ఉంచి మిగతావి తీసేయండి. ఆ మూడింట్లో మీకు ఏది నచ్చిందో ఒక్కో వాక్యంలో రాయండి. "ఖాళీ ఎక్కువ ఉంది", "ఒకే ఒక్క రంగు తప్పిపోయినట్టు పడింది", ఇలా. మీకు అవసరమైనవి ఆ మూడు వాక్యాలే.

టైం విషయంలో నేను చెప్పేది కొంచెం కటువుగా ఉంటుందేమో. తీరుబడిగా ఒక పూట దొరికితే కుడదాం అనుకుంటే ఆ పూట రాదు. పనిని శ్రద్ధని బట్టి విడగొట్టండి. కత్తిరించడానికి మాత్రం నిజంగా ఖాళీ బల్ల, కుదురైన మనసు కావాలి, ఎవరూ పిలవని సమయం చూసుకుని అన్ని ముక్కలూ ఒకేసారి కత్తిరించేసి వరసల ప్రకారం కవర్లలో పెట్టేయండి. ఆ తర్వాత జతలు జతలుగా, దారం తెంచకుండా ఒకదాని వెనక ఒకటి మిషన్ కిందకి తోస్తూ పోవచ్చు. పావుగంట చిక్కినా ఒక వరస అవుతుంది. ఇస్త్రీ ఎలాగూ బట్టల ఇస్త్రీతో పాటే. బల్ల మీంచి ప్రతిసారీ ఎత్తాల్సి వస్తుంది కాబట్టి మొత్తం సామాను ఒక పెద్ద పళ్లెంలో పెట్టుకోండి, ఎత్తడం దించడం ఒక్క నిమిషం పని. వంటగది చోట పనిచేస్తున్నారు గనక గుండుసూదులు లెక్కపెట్టి తీసి లెక్కపెట్టి దాచండి.

స్టవ్ మీద ఏదో ఉడుకుతుంటే పక్కన కూర్చుని చేసుకోవడానికి చేతిపని కావాలంటే షడ్భుజాలు కుట్టండి. అంగుళం భుజం ఉన్న కాగితపు షడ్భుజాల మీద గుడ్డ మడిచి వదులు కుట్లు వేసి, అంచుకి అంచు సన్నగా కలుపుకుంటూ పోవడమే. మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు, ఒక పువ్వు. కుట్టినంత కుట్టి మధ్యలో వదిలేసినా ఏమీ చెడదు. ఇంకా తేలిగ్గా కావాలంటే కర్ణాటకలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ తెగ స్త్రీలు కుట్టే కవండి అనే బొంత పద్ధతి చూడండి. వాళ్లు పైపొరని విడిగా అతకరు. అడుగు గుడ్డ పరిచి, అంచు నుంచి మొదలుపెట్టి, ముక్కల అంచులు మడుచుకుంటూ, ఒకదాని మీద ఒకటి పెట్టుకుంటూ, చుట్లు చుట్లుగా రన్నింగ్ స్టిచ్ వేస్తూ మధ్యకి వస్తారు. అతకడం, క్విల్టింగ్ ఒకేసారి అయిపోతాయి. కొలతల గొడవ లేదు, మిషన్ అక్కర్లేదు. నాలుగు మూలలా ఫుల అనే మడత గుడ్డ పూలు కుట్టి ముగిస్తారు. మీ ఇటుకల రన్నర్ అయ్యాక తర్వాతి పనిగా ఇది నా ఓటు.

వంటగదిలో వాడేవాటికి ఒక జాగ్రత్త మర్చిపోకండి. వేడి గిన్నె కింద పెట్టేవాటిలో, పట్టుకునేవాటిలో పాలిస్టర్ గుడ్డ, పాలిస్టర్ బ్యాటింగ్, పాలిస్టర్ దారం వద్దు, వేడికి కరుగుతాయి. అంతా నూలే ఉండాలి, లోపల నూలు బ్యాటింగ్ రెండు పొరలు వేయండి. వేడి ఆపడానికి మెరిసే రేకు పొర ఉన్న బ్యాటింగ్ అమ్ముతారు, అది వేసినవాటిని మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. మంట పక్కన ఏ గుడ్డా పరచొద్దు.

చివరగా ఆ కర్టెన్లు. పారేయకండి, కానీ నేరుగా కత్తిరించనూ వద్దు. ముందు వేడినీళ్లలో డిటర్జెంట్‌తో ఉతకండి, వంటగది జిడ్డు గుడ్డలో ఉంటే ఇస్త్రీ పెట్టగానే పసుపు మరకగా తేలుతుంది. ఆరాక కిటికీకి ఎదురుగా పట్టి చూడండి, ఎండ తగిలిన చోట పలచబడి వెలుగు ఎక్కువగా దిగుతుంది. రెండు బొటనవేళ్లతో పట్టి పడుగు వైపు ఒకసారి, పేక వైపు ఒకసారి లాగండి. చిరిగితే ఆ భాగం వదిలేయాల్సిందే. చిరగదు గానీ నీరసంగా ఉందంటే వెనక పలచని ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి అతుక్కునే గుడ్డ) అతికించి వాడొచ్చు. నూలే అని గట్టిగా తెలియకపోతే ఒక పోగు లాగి సింకు మీద పట్టుకారుతో పట్టుకుని వెలిగించండి. నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టర్ కలిసి ఉంటే కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

తర్వాత కింది మడత కుట్టు విప్పండి. మడతలో దాగిన పట్టీకి ఎండ తగల్లేదు కాబట్టి అక్కడ కర్టెన్ కొన్న రోజుటి రంగు ఉంటుంది. కిటికీ వైపు తిరిగిన పక్క బాగా వెలిసి ఉంటుంది, గది వైపు పక్క అంతకన్నా తక్కువ. ఒకే గుడ్డలోంచి మీకు మూడు ఛాయలు వచ్చాయి, కావాలని వెతికినా దుకాణంలో ఇంత బాగా కుదిరే మూడు దొరకవు. వెలిసినదాన్ని తెల్ల ఇటుకల్లో కలిపేయండి, మడత పట్టీని ఆ ఒక్క ఇటుక కోసం దాచండి, ఎరుపు స్థానంలో అదే పెట్టుకోవచ్చు. బైండింగ్‌కి మాత్రం పాత కర్టెన్ వాడకండి. బొంతలో అన్నిటికన్నా ముందు అరిగేది అంచే, దానికి కొత్త గుడ్డే ఉండాలి.